జాన్ని కాప్రోని

జాన్ని కాప్రోని (జూలై 3, 1886 - అక్టోబరు 27, 1957) ఇటలీ దేశానికి చెందిన ఇంజనీరు, విమాన నిర్మాత, పారిశ్రామికవేత్త. ఇతని పూర్తి పేరు జొవాన్ని బాత్తిస్తా కాప్రోని. ఇటలీలో విమాన నిర్మాణ పరిశ్రమకు పునాది వేసిన తొలితరం వారిలో ఇతడు ముఖ్యుడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇతడు రూపొందించిన మూడు ఇంజన్ల బాంబరు విమానాలు ఇటలీతో పాటు మరికొన్ని మిత్రదేశాల సైన్యాలకు కూడా ఉపయోగపడ్డాయి. రెండు యుద్ధాల నడుమ కాలంలో ఇతని సంస్థ ఐరోపాలోని పెద్ద విమాన నిర్మాణ సంస్థలలో ఒకటిగా ఎదిగింది.

కాప్రోని సంపద, కీర్తి ప్రధానంగా యుద్ధవిమానాల వలన కలిగినవే. అయితే మనుషులను ఒక ఊరి నుండి మరొక ఊరికి చేర్చే విమానాన్ని నిర్మించాలన్న కోరిక ఇతనికి మొదటినుండి ఉండేది. రెండు ప్రపంచయుద్ధాలు ముగిసిన రెండు సందర్భాలలోనూ ఇతడు ఆ ప్రయత్నం చేశాడు. మొదటిసారి, 1921లో, ఎనిమిది ఇంజన్లతో నూరుమంది ప్రయాణికుల కోసం బ్రహ్మాండమైన విమానాన్ని కట్టాడు. రెండవసారి, 1949లో, ఇతని సంస్థ రెండు ఇంజన్ల చిన్న రవాణా విమానాన్ని తయారు చేసింది. ఆ రెండూ నమూనా దశను దాటలేదు. ఈ రెండు విమానాల నడుమ సాగిన జీవితమే కాప్రోని చరిత్ర.

జననం, బాల్యం

కాప్రోని 1886 జూలై 3న అర్కో పట్టణానికి చేరువలోని మస్సోనే గ్రామంలో జన్మించాడు. తండ్రి జుసెప్పె కాప్రోని భూమి కొలతల వృత్తిలో ఉండేవాడు. తల్లి పావొలీనా మైని. అన్న పేరు ఫెదెరికో. ఆర్థిక శాస్త్రం చదివిన ఈ అన్న తరువాతి కాలంలో తమ్ముని వ్యాపార వ్యవహారాలలో కుడిభుజంగా నిలిచాడు.

అర్కో పట్టణం ఆల్ప్స్ పర్వతాల దక్షిణ భాగాన, గార్దా సరస్సుకు ఉత్తరాన ఉన్న ట్రెంటినో ప్రాంతంలోనిది. ఇక్కడి ప్రజల మాతృభాష ఇటాలియన్. కాని కాప్రోని పుట్టేనాటికి ఈ ప్రాంతం ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో భాగంగా ఉండేది. అంటే భాషచేత ఇటాలియన్ అయిన కాప్రోని, పుట్టుకచేత ఆస్ట్రియా చక్రవర్తి పౌరుడు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరువాతనే ట్రెంటినో ఇటలీలో కలిసింది. ఇతని జీవితంలోని కొన్ని ముఖ్య ఘట్టాలను అర్థం చేసుకోవడానికి ఈ విషయం తెలిసి ఉండడం అవసరం.

విద్యాభ్యాసం

ఉన్నత విద్యకోసం కాప్రోని జర్మనీలోని మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో చేరి, 1907లో సివిల్ ఇంజనీరింగు పట్టా పొందాడు. ఆ తరువాత బెల్జియం దేశంలోని లీజ్ నగరానికి వెళ్ళి విద్యుత్ ఇంజనీరింగు చదివాడు. ఆ రోజులలో విమాన శాస్త్రమనే పాఠ్యాంశం విశ్వవిద్యాలయాలలో ఇంకా కుదురుకోలేదు. అమెరికాలో రైట్ సోదరులు 1903లో మొదటిసారి ఎగిరినప్పటికీ, 1908లో విల్బర్ రైట్ ఫ్రాన్సుకు వచ్చి బహిరంగంగా ఎగిరి చూపించేవరకు ఐరోపాలో చాలామంది ఆ వార్తను పూర్తిగా నమ్మలేదు.

లీజ్‌లో చదువుకునే రోజులలో కాప్రోనికి రుమేనియా దేశపు యువకుడు హెన్రీ కొఆండాతో స్నేహం కలిగింది. ప్రవాహి పదార్థాలు వంపు తిరిగిన ఉపరితలాన్ని అంటిపెట్టుకొని ప్రవహించే ధర్మానికి కొఆండా ప్రభావమని పేరు వచ్చింది ఈయన వలననే. ఈ మిత్రులిద్దరూ కలిసి ఒక గ్లైడరును నిర్మించి ఎగిరించే ప్రయత్నాలు చేశారు. వంతెనలు, విద్యుత్ యంత్రాలు నిర్మించవలసిన కాప్రోని దృష్టి శాశ్వతంగా ఆకాశంవైపు మళ్ళినది ఈ కాలంలోనే.

తొలి విమానం

చదువు ముగించుకొని స్వగ్రామానికి తిరిగివచ్చిన కాప్రోని తన మొదటి విమానాన్ని తయారు చేయడం ప్రారంభించాడు. అది రెండు అంతస్తుల రెక్కలు గల విమానం. కొండల నడుమ ఉన్న అర్కోలో విమానం పరుగెత్తడానికి తగిన మైదానం లేదు. అందువలన కాప్రోని సరిహద్దు దాటి, మిలాన్ నగరానికి వాయవ్యంగా ఉన్న మల్పెన్సా మైదానానికి తన పనిని మార్చుకున్నాడు. అప్పట్లో అది సైన్యానికి చెందిన అశ్వికదళం కవాతు చేసే బీడుభూమి. నేటి మిలాన్ మల్పెన్సా అంతర్జాతీయ విమానాశ్రయానికి ఆ పేరు అక్కడినుండి వచ్చినదే.

1910 మే 27న ఈ విమానం మొదటిసారి గాలిలోకి లేచింది. నడిపినవాడు ఊగో తబాక్కి. ఇతనికి అంతకుముందు విమానం నడిపిన అనుభవం లేదు. విమానం చక్కగానే ఎగిరినా, నేలకు దిగే సమయంలో దెబ్బతిన్నది. పైలట్లకు శిక్షణ ఇచ్చేవారే అరుదుగా ఉన్న ఆ రోజులలో ఇటువంటి ప్రమాదాలు సర్వసాధారణం. కాప్రోని దెబ్బతిన్న ఆ విమానాన్ని పారవేయలేదు, భద్రపరచాడు. తన యంత్రాలను, విఫలమైన వాటినికూడా, దాచిపెట్టే ఈ అలవాటు ఇతనికి జీవితాంతం ఉండిపోయింది. సి.ఎ.1 అని పిలిచే ఆ తొలి విమానం నేటికీ నిలిచి ఉండడానికి కారణం ఇదే.

తరువాత కాప్రోని మల్పెన్సాకు సమీపంలోని విజ్జోలా టిచినో గ్రామంలో కర్మాగారాన్ని, విమాన చోదకుల శిక్షణ పాఠశాలను నెలకొల్పాడు. ఒంటి రెక్కల విమానాలు కొన్నింటిని తయారు చేశాడు. అవి ఆనాటి పోటీలలో పేరు తెచ్చుకున్నా, కొనేవారు తక్కువగా ఉండడం వలన సంస్థ అప్పులపాలయింది. చివరకు 1913లో ఇటలీ ప్రభుత్వం ఆ కర్మాగారాన్ని తన ఆధీనంలోకి తీసుకొని, కాప్రోనిని సాంకేతిక నిర్వాహకునిగా కొనసాగించింది. ఆనాటినుండి సంస్థ భవిష్యత్తు ప్రభుత్వ కొనుగోళ్ళతో ముడిపడింది. ఆ ముడి ఇతనికి ముందు ఐశ్వర్యాన్ని, తరువాత పతనాన్ని కూడా తెచ్చిపెట్టింది.

మొదటి ప్రపంచయుద్ధం

1914లో ఐరోపాలో యుద్ధం మొదలయ్యేనాటికి సైన్యాల వద్ద ఉన్న విమానాలలో అధికభాగం ఒకే ఇంజను గల చిన్న విమానాలు. వాటిని ముఖ్యంగా శత్రువు కదలికలను గమనించడానికి వాడేవారు. కాప్రోని ఆలోచన వేరు. దూరప్రాంతాలకు అధిక బరువును మోసుకొనిపోగల పెద్ద విమానం కావాలంటే ఒక ఇంజను చాలదని, దారిలో ఒకటి చెడిపోయినా మిగిలినవాటితో ఇల్లు చేరగలగాలని ఇతడు భావించాడు. ఆ ఆలోచనతో రూపొందినదే మూడు ఇంజన్ల బాంబరు. ఇందులో రెండు ఇంజన్లు రెక్కల పొడవునా రెండు ప్రక్కల అమరి విమానాన్ని ముందుకు లాగుతాయి. మూడవది నడుమనున్న గది వెనుక భాగాన అమరి విమానాన్ని ముందుకు నెడుతుంది. ఇది 1914 చివరిలో మొదటిసారి ఎగిరింది.

ఈ విమానానికి గట్టి మద్దతు తెలిపిన సైనికాధికారి జూలియో దువే. భవిష్యత్తులో యుద్ధాలను ఆకాశంనుండే గెలవవచ్చని ప్రచారం చేసి, తరువాతి కాలంలో వైమానిక యుద్ధ సిద్ధాంతకర్తగా ప్రసిద్ధి చెందినవాడు ఈయనే. పై అధికారుల అనుమతి లేకుండా కాప్రోని విమానం నిర్మాణానికి ఆదేశాలిచ్చినందుకు దువే వైమానిక దళంలోని పదవినుండి తొలగింపబడ్డాడు. అయినప్పటికీ 1915 మే నెలలో ఇటలీ యుద్ధంలో ప్రవేశించిన తరువాత సైన్యానికి ఈ విమానాల అవసరం తెలిసివచ్చింది. 1915 ఆగస్టులో కాప్రోని బాంబర్ల తొలి దాడి జరిగింది. 1916 ఫిబ్రవరిలో అవి ఆల్ప్స్ ఆవలనున్న లుబ్లియానా నగరంపై దాడి చేశాయి. ఆనాడు అది ఆస్ట్రియా-హంగరీలోని నగరం. అనగా కాప్రోని ఏ సామ్రాజ్యంలో పుట్టాడో ఆ సామ్రాజ్యంమీదనే ఇతని విమానాలు బాంబులు వేశాయి.

యుద్ధకాలంలో ఈ విమానం క్రమక్రమంగా మెరుగుపడుతూ, వందల సంఖ్యలో తయారైంది. ఫ్రాన్సు దేశం అనుమతి పొంది తన సొంత కర్మాగారాలలో వీటిని నిర్మించుకున్నది. ఇటాలియన్ కవి గాబ్రియేలె దన్నుంజియో కాప్రోని బాంబర్లలో దాడులకు వెళ్ళాడు. అమెరికా సైన్యానికి చెందిన చోదకులు ఇటలీలోని ఫోజ్జా పట్టణంలో శిక్షణ పొంది ఈ విమానాలను నడిపారు. వారికి నాయకత్వం వహించిన వారిలో ఒకడైన ఫియొరెల్లో లాగ్వార్డియా తరువాత న్యూయార్క్ నగర మేయరుగా ప్రసిద్ధుడయ్యాడు.

తొలి ప్రయాణికుల విమానాలు

1918 నవంబరులో యుద్ధం ముగియగానే బాంబర్ల కొనుగోళ్ళు నిలిచిపోయాయి. పెద్ద విమానాలు నిర్మించే సామర్థ్యం మిగిలింది గాని, వాటితో పని లేకుండా పోయింది. బాంబుల స్థానంలో మనుషులను ఎక్కించవచ్చని భావించిన కాప్రోని, మూడు అంతస్తుల రెక్కలు గల తన భారీ బాంబరును ప్రయాణికుల విమానంగా మార్చాడు. దీనికి సి.ఎ.48 అని పేరు. ఇందులో ఇరవైమందికి పైగా కూర్చునే వీలుండేది. 1919 ఆగస్టు 2న ఈ విమానం వెనిస్ నుండి మిలాన్ వెళుతూ వెరోనా నగరం వద్ద కూలిపోయింది. అందులో ఉన్నవారందరూ మరణించారు. ఇటలీ పౌర విమానయాన చరిత్రలో మొట్టమొదటి ఘోరప్రమాదం ఇదే.

అయినా కాప్రోని వెనుకంజ వేయలేదు. ఇంకా పెద్ద విమానానికి పూనుకున్నాడు. అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి ప్రయాణికులను చేరవేయగల విమానానికి ఇది మొదటి మెట్టు కావాలన్నది ఇతని ఆశయం. ఆ విధంగా తయారైనదే సి.ఎ.60. పడవ ఆకారంలోని దేహంపై ముందు, మధ్య, వెనుక భాగాలలో ఒక్కొక్కచోట మూడు అంతస్తుల చొప్పున మొత్తం తొమ్మిది రెక్కలు అమర్చారు. అమెరికాలో తయారైన లిబర్టీ ఇంజన్లు ఎనిమిదింటిని బిగించారు. ఒక్కొక్క ఇంజను శక్తి సుమారు 400 అశ్వశక్తి. నూరుమంది ప్రయాణికులు కూర్చోవడానికి వీలుగా, పెద్ద కిటికీలతో లోపలి గదిని తీర్చిదిద్దారు. అప్పటి విమానాలలో చాలావాటిలో కొద్దిమంది మాత్రమే ప్రయాణం చేయగలిగేవారని గుర్తుంచుకుంటే ఈ సాహసం ఎంతటిదో తెలుస్తుంది.

ఈ విమానాన్ని మజ్జోరె సరస్సుపై పరీక్షించారు. 1921 ఫిబ్రవరి 12న అది కొద్దిసేపు నీటినుండి పైకి లేచింది. రెండవ పరీక్ష మార్చి 4న జరిగింది. ప్రయాణికుల బరువుకు బదులుగా లోపల ఇసుక బస్తాలు ఉంచారు. పైలట్ ఫెదెరికో సెంప్రీని నడపగా విమానం కొంత ఎత్తుకు లేచి, ముందుకు వంగి నీటిలో కూలిపోయింది. ప్రాణనష్టం జరగలేదు గాని విమానం బాగా దెబ్బతిన్నది. ఆ పథకం అంతటితో ఆగిపోయింది. ఆనాటి ఇంజన్ల బలానికి, నిర్మాణ విజ్ఞానానికి మించిన పని ఇది. నూరుమందికి పైగా ప్రయాణికులతో విమానాలు అట్లాంటిక్ దాటడం సామాన్య విషయం కావడానికి మరి నాలుగు దశాబ్దాలు పట్టింది. సి.ఎ.60 శకలాలను కూడా కాప్రోని దాచిపెట్టాడు.

సంస్థ విస్తరణ

ఆ తరువాత కాప్రోని మిలాన్ నగరపు తూర్పు అంచున ఉన్న తాలియెదో కర్మాగారం కేంద్రంగా తన సంస్థను తిరిగి నిలబెట్టాడు. ఇటలీలో 1922లో ముస్సోలినీ అధికారానికి వచ్చాడు. వైమానిక బలాన్ని తన పాలనకు ప్రతిష్ఠాచిహ్నంగా భావించిన ఫాసిస్టు ప్రభుత్వం విమాన పరిశ్రమను ప్రోత్సహించింది. కాప్రోని ఒక్కొక్కటిగా ఇతర కర్మాగారాలను సొంతం చేసుకున్నాడు. ఇంజన్లు తయారు చేసే ఇసోత్తా ఫ్రస్కిని, బెర్గామో ప్రాంతంలోని విమాన కర్మాగారం, రెజ్జో ఎమీలియా పట్టణంలోని రెజ్జానె సంస్థ ఇతని సమూహంలో చేరాయి. విమానం దేహం, ఇంజను రెండూ ఒకే యాజమాన్యం క్రింద తయారు కావడం ఈ సమూహం ప్రత్యేకత. బల్గేరియాలోని కజన్లక్ పట్టణంలోను, దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలోను కూడా కాప్రోని కర్మాగారాలు నెలకొన్నాయి.

ఈ కాలపు విమానాలలో సి.ఎ.100 అనే చిన్న శిక్షణ విమానం ఎక్కువ ప్రజాదరణ పొందింది. ఇటలీలో ఒక తరం చోదకులు దీనిపైననే ఎగరడం నేర్చుకున్నారు. దీనికి పూర్తిగా భిన్నమైనది 1929లో ఎగిరిన సి.ఎ.90 బాంబరు. ఆరు ఇంజన్లు గల ఈ విమానం నేలమీద దిగే జంట రెక్కల విమానాలన్నిటిలోను అతిపెద్దది. 1930 ఫిబ్రవరిలో ఇది 10,000 కిలోల బరువుతో ఎగిరి ప్రపంచ రికార్డులు నెలకొల్పింది. అయితే దీనికి కూడా కొనుగోళ్ళు లభించక ఒక్క నమూనాతోనే ఆగిపోయింది.

ఇథియోపియా యుద్ధం

1935 అక్టోబరులో ఇటలీ సైన్యం ఇథియోపియాపై దండెత్తింది. ఈ యుద్ధంలో సి.ఎ.101, సి.ఎ.111, సి.ఎ.133 అనే కాప్రోని విమానాలను విరివిగా వాడారు. ఇవి అవసరాన్నిబట్టి బాంబర్లుగాను, సైనికులను, సరకులను మోసే రవాణా విమానాలుగాను పనిచేసేవి. ఎదిరించడానికి చెప్పుకోదగిన వైమానిక బలం లేని దేశంమీద, గ్రామాలమీద ఈ దాడులు జరిగాయి. అంతర్జాతీయ ఒప్పందాలను ఉల్లంఘించి ఇటలీ వైమానిక దళం విషవాయువును కూడా ప్రయోగించింది. దీనిని ఇటలీ ప్రభుత్వం చాలా దశాబ్దాలపాటు ఒప్పుకోలేదు. 1996లో మాత్రమే అధికారికంగా అంగీకరించింది.

కాప్రోని స్వయంగా సైనికుడు కాడు, దాడులకు ఆదేశాలిచ్చినవాడూ కాడు. కాని ఇతని కర్మాగారాలకు పని కల్పించినవి ఆ యుద్ధాలే. ఇతని జీవితచరిత్రను వ్రాసేవారు సాంకేతిక విజయాలతో పాటు ఈ విషయాన్ని కూడా చెప్పవలసి ఉంటుంది.

ఎత్తు రికార్డులు, జెట్ ప్రయోగం

1930లలో ఎంత ఎత్తుకు ఎగరగలమన్న విషయంలో దేశాల మధ్య గట్టి పోటీ ఉండేది. కాప్రోని విమానాలు ఇందులో ముందు నిలిచాయి.

1934 ఏప్రిల్‌లో రెనాతో దొనాతి సి.ఎ.113 విమానంలో 14,433 మీటర్ల ఎత్తుకు చేరాడు.
1935 జూన్‌లో కరీనా నెగ్రోనె అనే మహిళ అదే రకం విమానంలో 12,043 మీటర్ల ఎత్తుకు ఎగిరి మహిళలలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది.
1938 అక్టోబరు 22న మారియో పెజ్జి సి.ఎ.161 విమానంలో 17,083 మీటర్ల ఎత్తును అందుకున్నాడు.

అంత ఎత్తులో గాలి చాలా పలుచగా ఉంటుంది. ప్రత్యేకమైన రక్షణ దుస్తులు, ప్రాణవాయువు సరఫరా లేకుండా మనిషి బ్రతకలేడు. గాలి సాంద్రత తగ్గడం వలన ఇంజను శక్తి కూడా పడిపోతుంది. ఈ ప్రయోగాలనుండి లభించిన అనుభవం విమాన విజ్ఞానానికి ఎంతో తోడ్పడింది. జంట రెక్కల పిస్టన్ విమానాలలో పెజ్జి సాధించిన ఎత్తును తరువాత ఎవరూ దాటలేదు.

ఇంజనీరు సెకొందో కంపీని ఆలోచనను కూడా కాప్రోని ప్రోత్సహించాడు. ప్రొపెల్లరు లేకుండా, వెనుకకు వెలువడే వాయువుల ధాటితో ముందుకు పోయే విమానమది. కాప్రోని-కంపీని విమానం 1940 ఆగస్టు 27న మారియో దె బెర్నార్ది నడపగా ఎగిరింది. ఆనాడు ప్రపంచమంతా దీనినే మొదటి జెట్ విమానంగా భావించింది. జర్మనీవారి హైంకెల్ 178 విమానం సరిగ్గా ఏడాది ముందే, 1939 ఆగస్టు 27న, రహస్యంగా ఎగిరినట్లు తరువాత తెలిసింది. ఈ రెండింటికీ ఒక భేదమున్నది. జర్మనీ విమానంలో వేడి వాయువులే టర్బైనును త్రిప్పి, దాని ద్వారా గాలిని ఒత్తిడికి గురిచేస్తాయి. కంపీని విమానంలో ఆ పనిని ఒక సాధారణ పిస్టన్ ఇంజను చేసేది. అలా ఒత్తిడి పెరిగిన గాలిలో ఇంధనాన్ని మండించి వెనుకకు వదిలేవారు. బరువు ఎక్కువ, వేగం తక్కువ కావడం వలన ఈ పద్ధతి ముందుకు సాగలేదు.

రెండవ ప్రపంచయుద్ధం

1940లో ఇటలీ రాజు కాప్రోనికి తాలియెదో కౌంట్ అనే బిరుదునిచ్చాడు. అదే సంవత్సరం జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. ఈసారి యుద్ధం కాప్రోనికి కీర్తి తేలేదు. గిబ్లీ, లిబేచ్చో వంటి గాలుల పేర్లు గల ఇతని రెండు ఇంజన్ల చిన్న విమానాలు నిఘాకు, శిక్షణకు, ఆఫ్రికాలోని వలస ప్రాంతాలలో రాకపోకలకు ఉపయోగపడ్డాయి. కాని వేగంలోను, ఆయుధ బలంలోను శత్రువుల కొత్త విమానాలకు అవి సాటిరాలేదు. స్వీడన్ దేశం కొనుగోలు చేసిన 84 సి.ఎ.313 విమానాలు తరచు ప్రమాదాలకు గురై చాలామంది వైమానికుల మరణానికి కారణమయ్యాయి.

యుద్ధం ఇటలీ గడ్డమీదికే వచ్చిన తరువాత కర్మాగారాల కష్టాలు పెరిగాయి. 1943 జూలై 28న, ముస్సోలినీ పతనమైన మూడవ రోజున, యుద్ధం ఆపాలని కోరుతూ బయటకు రాబోయిన రెజ్జానె కార్మికులపై సైనికులు కాల్పులు జరిపారు. తొమ్మిదిమంది మరణించారు. మరుసటి జనవరిలో ఆ కర్మాగారం మిత్రదేశాల బాంబుదాడిలో ధ్వంసమయింది. మూడు దశాబ్దాల క్రితం బాంబరు విమానానికి రూపమిచ్చినవాని కర్మాగారమే బాంబర్లకు బలి అయింది.

యుద్ధానంతరం: సి.ఎ.193

1945లో యుద్ధం ముగిసేనాటికి కాప్రోని వయస్సు దాదాపు 59 సంవత్సరాలు. 1919 నాటి పరిస్థితే మళ్ళీ ఎదురయింది. అయితే ఈసారి ఇటలీ ఓడిపోయిన దేశం. 1947 ఫిబ్రవరి 10న పారిస్‌లో కుదిరిన శాంతి ఒప్పందం ప్రకారం ఇటలీ వైమానిక దళం 200 యుద్ధ, నిఘా విమానాలు, 150 రవాణా, శిక్షణ తదితర విమానాలకు మించి ఉంచుకోరాదు. బాంబరు విమానాలు అసలే ఉండరాదు. కాప్రోని జీవితమంతా ఏ విమానంతో ముడిపడి ఉన్నదో దానిని నిర్మించే దారి అలా మూసుకుపోయింది. ప్రయాణికుల విమానాల సంగతి చూస్తే, యుద్ధంలో మిగిలిపోయిన అమెరికా డగ్లస్ రవాణా విమానాలు చౌకగా దొరుకుతున్నాయి. వాటితో పోటీపడి కొత్త పెద్ద విమానాన్ని అమ్మడం అసాధ్యం.

ఈ స్థితిలో సంస్థ చిన్న విమానంవైపు చూసింది. కొద్దిమంది ప్రయాణికులను అద్దె కారు మాదిరిగా కావలసినచోటికి చేర్చడానికి, సైన్యంలో అధికారుల రాకపోకలకు పనికివచ్చే రెండు ఇంజన్ల విమానాన్ని రూపొందించింది. ఇదే సి.ఎ.193. దీని రెక్క దేహం క్రింది భాగాన అమరి ఉంటుంది. రెండు ఇంజన్లను రెక్క వెనుక అంచున అమర్చడం వలన ప్రొపెల్లర్లు విమానాన్ని లాగడానికి బదులు వెనుకనుండి నెడతాయి. తోక భాగంలో రెండు నిలువు పలకలుంటాయి. మూడు చక్రాలూ ఎగిరిన తరువాత లోపలికి ముడుచుకుంటాయి.

ఈ విమానం 1949లో ఎగిరింది. ఎగరడంలో లోపమేమీ కనిపించలేదు. లోపమంతా కొనేవారు లేకపోవడంలోనే ఉంది. యుద్ధంతో చితికిపోయిన దేశంలో సొంత విమానంలో తిరగగలవారు ఎందరు? ప్రభుత్వంనుండి కూడా తగినన్ని కొనుగోళ్ళు రాలేదు. ఒక్క నమూనాతోనే ఈ పథకం ముగిసింది. అప్పులు తీర్చలేక 1950లో కాప్రోని ప్రధాన సంస్థ దివాలా తీసింది. సి.ఎ.193 ఆ సంస్థ దివాలాకు ముందు నిర్మించిన చివరి విమానంగా చరిత్రలో నిలిచింది.

ఇతని సమూహంలోని మిగిలిన కర్మాగారాల కథ వేరువేరుగా సాగింది. రెజ్జానెలో ఉద్యోగాల తొలగింపును నిరసిస్తూ కార్మికులు 1950 అక్టోబరునుండి ఏడాదిపాటు కర్మాగారాన్ని తమ ఆధీనంలో ఉంచుకొని, ఆర్.60 అనే ట్రాక్టరును స్వయంగా తయారు చేసి చూపించారు. ట్రెంటోలోని శాఖ 1952లో ఎఫ్.5 అనే చిన్న జెట్ శిక్షణ విమానాన్ని ఎగిరించినా అది కూడా నమూనాగానే మిగిలింది. ఆ శాఖ కాప్రియోలో అనే మోటారు సైకిళ్ళు తయారు చేస్తూ కొంతకాలం నిలబడింది. విజ్జోలాలోని శాఖ గ్లైడర్లను నిర్మించి, 1983లో అగుస్తా సంస్థలో కలిసిపోయేవరకు కొనసాగింది.

మ్యూజియం

కాప్రోని, అతని భార్య తిమీనా గువాస్తి కలిసి 1927లో ఒక మ్యూజియం స్థాపనకు పూనుకున్నారు. పాతబడిన విమానాలను ముక్కలు చేసి అమ్ముకోవడమే ఆచారంగా ఉన్న ఆ రోజులలో ఇది అరుదైన ఆలోచన. తమ సంస్థ విమానాలనే గాక ఇతరుల విమానాలను, ఇంజన్లను, చిత్రాలను, పత్రాలను కూడా సేకరించారు. రెండవ ప్రపంచయుద్ధం వలన, ఆ తరువాతి దివాలా వలన ఈ సేకరణకు ముప్పు వాటిల్లినప్పటికీ కుటుంబ సభ్యులు చాలావరకు కాపాడగలిగారు. 1992లో ట్రెంటో నగరంలో కొత్త భవనంలో ఈ మ్యూజియం ప్రారంభమయింది. సి.ఎ.193 నమూనా కూడా ఈ సేకరణలోనిదే. మల్పెన్సా చేరువలో కాప్రోని పాత కర్మాగారపు ఆవరణలో 2010లో వొలాందియా అనే మరో విమాన మ్యూజియం వెలిసింది.

మరణం, స్మృతి

కాప్రోని 1957 అక్టోబరు 27న రోమ్ నగరంలో మరణించాడు. అప్పటికి ఇతనికి 71 సంవత్సరాలు.

ఇతని పేరు కొత్త తరాలకు జపాన్ దేశం ద్వారా మళ్ళీ పరిచయమయింది. 1985లో స్థాపితమైన జపాన్ యానిమేషన్ చిత్రాల సంస్థ గిబ్లీకి ఆ పేరు కాప్రోని సి.ఎ.309 విమానంనుండి వచ్చినదే. ఆ సంస్థకు చెందిన దర్శకుడు హయావో మియజాకి 2013లో తీసిన కజె తాచిను అనే చిత్రంలో కాప్రోని ఒక ముఖ్య పాత్ర. జపాన్ విమాన రూపశిల్పి జిరో హొరికోషి కలలలో ఇతడు గురువువలె కనిపిస్తాడు. అందమైన విమానాలను నిర్మించాలన్న కోరిక, అవి యుద్ధానికే ఉపయోగపడడం అనే చిక్కు ఆ చిత్రానికి ఇతివృత్తం. కాప్రోని జీవితంలోని అసలు సమస్య కూడా అదే.

కాప్రోని నిర్మించిన బాంబర్లు వందల సంఖ్యలో ఎగిరాయి. వాటికి ధర చెల్లించే ప్రభుత్వాలు ఉండేవి. ప్రయాణికుల కోసం నిర్మించిన సి.ఎ.60, సి.ఎ.193 ఒక్కొక్కటిగానే మిగిలాయి. మొదటిది కాలానికి చాలా ముందుగా, అలవికాని పరిమాణంలో వచ్చి విఫలమయింది. రెండవది తగిన పరిమాణంలోనే ఉన్నా, కొనగలవారు లేని కాలంలో వచ్చింది. విమానం ఎగరడానికి రెక్కలు, ఇంజను ఎంత అవసరమో, దానిని కోరుకునే సమాజం కూడా అంతే అవసరమని ఈ రెండు నమూనాల చరిత్ర తెలియజేస్తుంది.